తీసిన గడ్డ బకెట్లోకి కాదు, పరీక్షకు వెళ్ళాలి

ఇన్సులిన్ వాడే కుటుంబాల వారిని ఈ నెల ఒక ప్రశ్న అడగాలనుకుంటున్నాం. మీ ఇంట్లో రోజూ సూది పొడుచుకునే పెద్దాయన పొట్టను ఆఖరిసారి ఎవరు చేత్తో తడిమి చూశారు? షుగర్ ఎంత ఉంది, ఎన్ని యూనిట్లు వేస్తున్నారు, తిండి ఏం తింటున్నారు అని అందరం అడుగుతాం. డాక్టర్లు అడుగుతారు, మేము అడుగుతాం, పెళ్ళికి వచ్చిన చుట్టాలు కూడా అడుగుతారు. సూది దిగే చోటు ఎలా ఉందో మాత్రం ఎవరూ అడగరు. చొక్కా కింద, చీర కుచ్చిళ్ళ వెనుక అది అలాగే దాగి ఉంటుంది.

ఇది ఎవరినో తప్పు పట్టడానికి రాస్తున్నది కాదు. ముందుగా మా తప్పే చెప్పుకుంటాం.

కొంతకాలం క్రితం బాయి పని చేసి రిటైరైన ఒక పెద్దాయన కాలి పుండుతో మా వార్డులో చేరారు. (కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాం. ఆనవాళ్ళు కొన్ని మార్చాం.) పదిహేనేళ్ళుగా షుగర్, అందులో తొమ్మిదేళ్ళుగా ఇన్సులిన్. మొదట్లో ఉదయం 20 యూనిట్లు, రాత్రి 12 యూనిట్లు వేసుకునేవారట. మా దగ్గరికి వచ్చేనాటికి ఉదయం 44, రాత్రి 30 అయింది. అయినా షుగర్ 300 దిగడం లేదు. ఇంట్లో వాళ్ళు ఆయన్ను అనుమానించారు. దొంగచాటుగా తీపి తింటున్నాడని కోడలు, మందు మానలేదని కొడుకు. ఆయన మాత్రం ఏమీ అనేవారు కాదు. ఎన్నాళ్ళని చెప్పుకుంటాడు పాపం, నమ్మేవాళ్ళు లేనప్పుడు?

మూడో రోజు సాయంత్రం కొత్తగా చేరిన ఒక స్టాఫ్ నర్సు ఇన్సులిన్ వేయడానికి వెళ్ళి, "తాతా, చొక్కా కొంచెం పైకి లేపండి" అంది. బొడ్డుకు ఎడమ పక్కన నిమ్మకాయంత గడ్డ. చర్మం నల్లబడి, దళసరిగా, చెయ్యి పెడితే రాయిలా గట్టిగా ఉంది. కుడి పక్కన పాత కుట్ల మచ్చ. "ఇదేంటి తాతా?" అంటే, "గీడనే పొడుసుకుంట బిడ్డా. ఈడ పొడిస్తే నొప్పి తెల్వది" అన్నారు. కుడివైపు కూడా అలాంటి గడ్డే లేస్తే ఎప్పుడో ఎక్కడో కోసి తీసేశారట. కొవ్వు గడ్డ అన్నారట. రిపోర్టు ఏదయ్యా అంటే రిపోర్టు ఏమీ ఇవ్వలేదన్నారు. తీసిన ముక్క ఏమైందో ఆయనకు తెలియదు. మాకు మాత్రం తెలుసు, బకెట్లోకి పోయి ఉంటుంది.

ఆ అమ్మాయి సరైన పనే చేసింది. గడ్డలో పొడవకూడదని చదువుకుంది కాబట్టి ఆ రాత్రి 30 యూనిట్లూ తొడకు వేసింది. చార్టులో రాసింది, సీనియర్ నర్సుకు చెప్పింది. ఇక్కడ పొరపాటు మా పెద్దవాళ్ళది. చోటు మారినప్పుడు మోతాదు సంగతి ఏమిటని మాలో ఎవరూ ఆలోచించలేదు, డాక్టరు గారికి ఫోను చేయలేదు. తెల్లవారుజామున రెండు గంటలకు ఆయన భార్య పరుగెత్తుకొచ్చారు. "ఒళ్ళంతా చెమటలు వడుతున్నయి సిస్టరమ్మా, మాట తడబడతాంది." షుగర్ చూస్తే 42. 25 శాతం డెక్స్‌ట్రోజ్ నరానికి ఎక్కించాక తేరుకున్నారు. ఆ పది నిమిషాలు ఎలా గడిచాయో మాకే తెలుసు.

జరిగింది ఏమిటంటే, తొమ్మిదేళ్ళుగా ఆయన వేసుకున్న ఇన్సులిన్‌లో చాలా భాగం రక్తంలోకి చేరకుండా ఆ గడ్డలోనే ఆగిపోతోంది. చేరడం లేదని మోతాదు పెంచుకుంటూ పోయారు. ఆ పెంచిన మోతాదు ఒక్కసారిగా ఆరోగ్యంగా ఉన్న చోట పడేసరికి మొత్తం ఒంటికి పట్టింది. దొంగచాటు తీపి లేదు, ఏమీ లేదు.

ఇన్సులిన్ వేసుకునే వారికి సూది చోట్లలో ఉబ్బులు రావడం కొత్త కాదు. వాటిలో ఎక్కువ భాగం కొవ్వు పెరగడం వల్ల వచ్చేవి. అవి మెత్తగా, రబ్బరులా ఉంటాయి. అక్కడ సూది వేయడం మానేస్తే కొన్ని నెలల్లో మెల్లగా తగ్గుముఖం పడతాయి. ఇంకొక రకం అరుదు. అది గట్టిగా ఉంటుంది, నెలల తరబడి అక్కడ సూది మానినా కరగదు. అది కొవ్వు కాదు, ఇన్సులినే. రోజూ ఒకే చోట పడిన ఇన్సులిన్ సన్నని నారలుగా మారి, పేరుకుని, గడ్డకట్టి కూర్చుంటుంది. దీన్నే వైద్యులు ఇన్సులిన్ అమైలాయిడ్ అంటారు. జర్మనీ వైద్యులు 1983లోనే ఇలాంటి రోగి గురించి రాశారు. జపాన్ వైద్యులు దీనికి 'ఇన్సులిన్ బాల్' అని పేరు పెట్టారు. అదే దేశం వారు 2014లో ప్రచురించిన పరిశీలనలో ఇలాంటి గడ్డలో వేసిన ఇన్సులిన్ ఒంటికి పట్టడం బాగా తగ్గిపోతున్నట్టు చూపించారు. 2020 సెప్టెంబరులో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ అన్ని రకాల ఇన్సులిన్‌లకూ వర్తించేలా హెచ్చరిక ఇచ్చింది. సూది చోట్లు మార్చుకుంటూ ఉండాలని, గడ్డ ఉన్న చోటు నుంచి మంచి చోటుకు మారితే షుగర్ పడిపోయే ప్రమాదం ఉందని అందులో ఉంది. మా వార్డులో ఆ రాత్రి జరిగింది అక్షరాలా అదే. హెచ్చరిక కాగితం మీద ఉంది, మా చేతుల్లోకి రాలేదు.

అమైలాయిడ్ అనే మాట వినగానే కంగారు పడతారు కాబట్టి దాని సంగతి కొంచెం చెబుతాం. 1854లో విర్కో అనే జర్మన్ వైద్యుడు, చనిపోయిన వారి అవయవాలలో పేరుకున్న ఒక పదార్థం మీద అయోడిన్ వేసి చూస్తే రంగు మారింది. గంజి మీద అయోడిన్ వేస్తే నీలంగా మారడం మన పిల్లలు బడిలో చూస్తారు కదా. అందుకని ఆయన దాన్ని గంజి పిండి లాంటిది అనుకుని, ఆ అర్థం వచ్చేలా అమైలాయిడ్ అని పేరు పెట్టారు. ఐదేళ్ళు తిరగకుండానే అది పిండి కాదు, మాంసకృత్తు అని తేలింది. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. ఉతికిన చీర మడత పెట్టినట్టు మన ఒంట్లో ప్రతి మాంసకృత్తుకూ ఒక మడత ఉంటుంది. ఆ మడత తప్పినవి ఒకదానికొకటి అతుక్కుని నారలుగా పేరుకుంటాయి. ఒళ్ళు వాటిని తేలికగా కరిగించుకోలేదు. ఇలా పేరుకునే మాంసకృత్తులు మనుషుల్లో నలభైకి పైగా ఉన్నాయని ఇప్పటి లెక్క. కాబట్టి 'అమైలాయిడ్' అంటే ఒక జబ్బు పేరు కాదు, ఒక రకం పేరుకుపోవడం. ఏ మాంసకృత్తు, ఎక్కడ పేరుకుంది అన్నదే అసలు ప్రశ్న.

ఒంట్లో అంతటా, గుండెలో, మూత్రపిండాలలో, నరాలలో పేరుకునే రకం ఉంది. అది ప్రాణాంతకం, దానికి వెంటనే గట్టి వైద్యం కావాలి. క్షయ లాంటి జబ్బులు, మానని చీము పుండ్లు ఏళ్ళ తరబడి ఉన్నా మూత్రపిండాలలో ఒక రకం అమైలాయిడ్ చేరవచ్చు. క్షయ మందులు మధ్యలో ఆపవద్దని మేము పోరు పెట్టడానికి ఇదొక కారణం. దీనికి భిన్నంగా ఒక్క చోట మాత్రమే ఉండిపోయే రకం ఉంది. స్వరపేటికలో, మూత్రాశయంలో, కనురెప్పలో, చర్మం కింద మెత్తని కండలో ఒక గడ్డగా వస్తుంది. అది ఒంటికంతా పాకడం అరుదు. చాలామందికి ఆ గడ్డ వల్ల వచ్చే ఇబ్బందికి తప్ప వేరే వైద్యం అక్కర్లేదు. ఏళ్ళుగా డయాలిసిస్ చేయించుకునే వారిలో మణికట్టు దగ్గర ఇంకో రకం చేరుతుంది. రాత్రిళ్ళు చెయ్యి తిమ్మిరెక్కి నిద్ర లేపుతుంది. ఆ మాంసకృత్తు ఏదో 1985లో జపాన్‌లో గుర్తించారు.

మన ఆడవాళ్ళలో చాలామందికి వీపు మీద, భుజాల మీద అలలు అలలుగా నల్లటి మచ్చలు చూస్తుంటాం. మురికి అనుకుని నైలాన్ పీచుతో ఇంకా గట్టిగా రుద్దుతారు. అందులోనూ అమైలాయిడ్ ఉంటుంది, కానీ అది చర్మం పైపొరల్లోనే ఉంటుంది, ప్రాణానికి ఏమీ కాదు. రుద్దిన కొద్దీ పెరిగేది అదే. పీచు పక్కన పెట్టండమ్మా అని చెబితే మా మాట నమ్మేవాళ్ళు తక్కువ.

మళ్ళీ పెద్దాయన దగ్గరికి వస్తాం, ఎందుకంటే అసలు పాఠం మాకు ఆ తర్వాత వచ్చింది. మొదట సన్నని సూదితో గడ్డలోంచి లాగి చూశారు. గట్టి గడ్డ కావడంతో కణాలు పెద్దగా రాలేదు, పరీక్ష తేల్చలేదు. తర్వాత చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపారు. వారం దాటాక రిపోర్టు వచ్చింది. అమైలాయిడ్ ఉంది, ఒంట్లో మిగతా చోట్ల ఉందేమో చూడండి అని.

ఇక ఆ ఇంట్లో అన్నం ముద్ద దిగలేదు. కొడుకు వచ్చి, "అమైలాయిడ్ అంటే క్యాన్సరేనా సిస్టర్?" అని అడిగాడు. మేము కాదన్నాం గానీ మాకూ ధైర్యంగా చెప్పడానికి లేకపోయింది. మణుగూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కి రెండుసార్లు హైదరాబాద్ వెళ్ళి వచ్చారు. గుండె స్కానింగ్, రక్తంలో మూత్రంలో మాంసకృత్తుల పరీక్షలు, ఎముక మజ్జ పరీక్ష చేయాలా వద్దా అన్న చర్చ. కాలి పుండు కట్టుతో ఆ మనిషి, చేతిలో అప్పు చేసిన డబ్బుతో ఆ కొడుకు. రెండోసారి వెళ్ళినప్పుడు అక్కడి డాక్టరమ్మ ఒకే ఒక ప్రశ్న అడిగారట. "ఇన్సులిన్ ఎక్కడ వేసుకుంటారు?" ఆయన చొక్కా లేపి చూపించారు. ముక్క తీసిన మచ్చ మీదనే వేలు పెట్టారు.

ఆ తర్వాత అదే ముక్క మీద, ఇన్సులిన్‌ను మాత్రమే పట్టుకునే ప్రత్యేక పరీక్ష చేయించారు. ఇన్సులినే అని తేలింది. గుండె, మూత్రపిండాలలో ఏమీ లేదు.

ఆ రెండు ప్రయాణాలు తప్పేవి కావా? తప్పేవి. మేము పంపిన ఫారం కాపీ తీసి చూసుకున్నాం. 'పొట్ట మీద గడ్డ' అని ఉంది. వయసు, ఆడ మగ, వార్డు నంబరు అన్నీ ఉన్నాయి. 'ఈ చోట తొమ్మిదేళ్ళుగా ఇన్సులిన్ సూది వేసుకుంటున్నారు' అన్న ఒక్క వాక్యం లేదు. ఆ వాక్యం మాకు తెలుసు, ల్యాబ్ డాక్టరుకు తెలియదు. గాజు పలక మీద కనిపించేది ముక్క మాత్రమే, మనిషి కాదు కదా. ఒళ్ళంతా అమైలాయిడ్ ఉందేమో చూడటానికి డాక్టర్లు మామూలుగా పొట్ట మీది కొవ్వునే సూదితో తీసి పరీక్షిస్తారు. ఇన్సులిన్ వేసుకునేదీ అక్కడే! సూది చోటు నుంచి తీసిన కొవ్వులో ఇన్సులిన్ అమైలాయిడ్ కనబడి, ఒళ్ళంతా జబ్బు ఉందని పొరబడే ప్రమాదం ఉందని అమెరికా వైద్యులు 2012లోనే రాశారు. అవసరం లేని బలమైన మందుల దాకా పోగల పొరపాటు అది.

ల్యాబ్‌లో దీన్ని పట్టుకునే పద్ధతి తెలిస్తే ఫారం మీద రాసే మాట విలువ అర్థమవుతుంది. మామూలు రంగు వేస్తే అమైలాయిడ్ లేత గులాబీగా, కణాలు లేని ముద్దలా కనిపిస్తుంది. మచ్చ కణజాలం కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. అనుమానం వచ్చిన వారే కాంగో రెడ్ అనే రంగు వేస్తారు. జర్మనీలో నూలు బట్టల కోసం తయారైన అద్దకం రంగు అది. 1922లో అది అమైలాయిడ్‌ను అంటుకుంటుందని కనుక్కున్నారు. 1927లో బెల్జియం వారు ధ్రువీకరించిన కాంతిలో, అంటే ఒకే దిశలో కంపించేలా వడగట్టిన వెలుతురులో చూస్తే ఆ ఎరుపు కాస్తా పచ్చ యాపిల్ రంగులో మెరుస్తుందని చూపించారు. ఇప్పటికీ ప్రపంచమంతా చేసేది అదే పరీక్ష. ముక్క మరీ పల్చగా కోస్తే ఆ మెరుపు కనిపించకపోవచ్చు. అనుమానం లేకపోతే ఆ రంగే వేయరు. ఆ అనుమానం పుట్టేది ఫారం మీద మేము రాసే ఆ ఒక్క వాక్యంతోనే.

ఇక మా అభిప్రాయం సూటిగా చెబుతాం. ఒంట్లోంచి తీసిన ఏ గడ్డా పరీక్ష లేకుండా బకెట్లోకి పోకూడదు. చిన్నదైనా సరే, చూడగానే కొవ్వు గడ్డ అని తెలిసిపోతున్నా సరే. దీనికి అడ్డు చెప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాటలోనూ కొంత న్యాయం ఉంది. పేదవాడి మీద ఇంకో ఖర్చు ఎందుకంటారు. నూటికి తొంభై మామూలు గడ్డలే కదా అంటారు. నిజమే. కానీ ఆ పెద్దాయన కుడి పక్క గడ్డను ఆనాడు పరీక్షకు పంపి ఉంటే ఎడమ పక్క గడ్డ వచ్చేది కాదు, మోతాదు 44 యూనిట్లకు పెరిగేది కాదు, కోడలి ముందు తల దించుకునే పనీ ఉండేది కాదు. పరీక్ష ఖర్చు ఆదా చేశామనుకున్నది ఎవరు కట్టారో లెక్క వేయండి. కత్తి పట్టుకుని ఇంటి వరండాలోనే గడ్డలు కోసే వారి దగ్గరికి మాత్రం దయచేసి వెళ్ళకండి. ఆ విషయంలో మాకు రెండో మాట లేదు.

మీరు రోగి అయినా, రోగి వెంట ఉన్నవారైనా అడిగే హక్కు మీది. "తీసిన ముక్క ల్యాబ్‌కు పంపుతున్నారా?" అని ఆపరేషన్‌కు ముందే అడగండి. మేము నొచ్చుకోం. ముక్క మునిగేంత ఫార్మలిన్, ముక్కకు పది రెట్లు, సీసాలో ఉండాలి. సెలైన్‌లోనో ఉత్త నీళ్ళలోనో పంపితే కుళ్ళిపోతుంది. పేరు సీసా మూత మీద కాదు, సీసా మీద రాయాలి. మూతలు మారిపోతే మనుషులే మారిపోతారు. ముప్పై ఏళ్ళ కింద మాకు ట్రైనింగ్‌లో సిస్టర్ ట్యూటర్ గారు ఈ మాట చెప్పి చెప్పి విసిగించారు. ఇప్పుడు మేము పిల్లల్ని విసిగిస్తున్నాం. రిపోర్టు వచ్చాక దాన్ని రేషన్ కార్డులా దాచుకోండి. ఐదేళ్ళ తర్వాత ఇంకో డాక్టరు అడిగేది అదే.

ఇన్సులిన్ వేసుకునే వారు పొట్టను నాలుగు భాగాలుగా అనుకుని, వారానికి ఒక భాగం చొప్పున మార్చండి. ఆ భాగంలోనూ నిన్న వేసిన చోటుకు ఒక వేలు వెడల్పు పక్కన వేయండి. ప్రతిసారీ కొత్త సూది మంచిది. వాడిన సూదే వాడుతూ పోతే మొన మొద్దుబారి చర్మాన్ని పాడుచేస్తుంది. నొప్పి తెలియని చోటు మంచి చోటు అనుకోకండి. నొప్పి ఎందుకు తెలియడం లేదో చూపించుకోవలసిన చోటు అది. గడ్డ ఉందని తెలిశాక మాత్రం ఇది చదివి మీ అంతట మీరే చోటు మార్చి పాత మోతాదు వేసుకోవద్దు. ఇదొక్కటీ మరీ మరీ చెబుతున్నాం. ముందు డాక్టరుకు చూపించండి, ఎంత తగ్గించాలో వారు చెబుతారు. ఆ తర్వాత కొన్ని రోజులు షుగర్ ఎక్కువసార్లు చూసుకోవాలి. దిండు పక్కన చక్కెర పొట్లం పెట్టుకోవాలి. గడ్డ మీద కాపడం పెట్టడం, ఆకు పసర్లు కట్టడం, పిసకడం వద్దు.

మా వైపు నుంచి రెండు పనులు చేశాం. షుగర్ రోగుల కార్డు మీద యూనిట్ల గడి పక్కన 'సూది చోటు తడిమి చూశారా' అని ఇంకో గడి గీశాం. ముక్క పంపే ఫారం మీద 'ఈ చోట ఎప్పుడైనా సూది మందు వేసుకున్నారా' అన్న లైను చేర్చాం. ఒకటి పెన్నుతో గీసినది, ఒకటి రబ్బరు స్టాంపుతో కొట్టినది. కొత్త ఫారాలు అచ్చయ్యే దాకా ఇంతే.

ఆ పెద్దాయన ఇప్పుడు ఉదయం 24, రాత్రి 14 యూనిట్లు వేసుకుంటున్నారు. కాలి పుండు మానింది. ఎడమ పక్క గడ్డ అలాగే ఉంది, ఇబ్బంది పెట్టడం లేదు కాబట్టి తీయలేదు. మొన్న చూపించుకోవడానికి వచ్చినప్పుడు కోడలే వెంట వచ్చింది. ఏ రోజు ఏ పక్క సూది వేయాలో ఇంట్లో క్యాలెండర్ మీద ఆమే రాస్తోందట. మీరు కూడా వచ్చేటప్పుడు ఇన్సులిన్ సీసా, వాడుతున్న సిరంజీ వెంట తెచ్చుకోండి. 40 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజీయే వాడుతున్నారో లేదో అప్పుడే చూసి చెబుతాం.